మోడల్ నడుస్తుండగా వెర్షన్ మారితే

కాలంతో పాటు కదిలే ఆర్థిక వ్యవస్థను సమీకరణాలుగా రాసి కంప్యూటర్ మీద నడిపి చూడటానికి ఎక్కువమంది వాడే ఉచిత సాఫ్ట్‌వేర్లలో డైనేర్ ఒకటి. మిషెల్ జుయ్యార్ దీన్ని 1996 ప్రాంతంలో పారిస్‌లోని సెప్రెమాప్ పరిశోధన సంస్థలో మొదలుపెట్టారు. తొలినాళ్లలో గాస్ అనే భాష మీద నడిచేది. తర్వాత మాట్‌ల్యాబ్ మీదికి, దానికి ఉచిత ప్రత్యామ్నాయమైన ఆక్టేవ్ మీదికి వచ్చింది. ఐదో వెర్షన్ 2022 జనవరిలో, ఆరో వెర్షన్ 2024 ఫిబ్రవరిలో విడుదలయ్యాయి. మధ్యలో తప్పులు సరిదిద్దే చిన్న విడుదలలు వస్తూనే ఉంటాయి. అంటే ఒక పీహెచ్‌డీ మొదలై ముగిసేలోగా, లేదా ఒక ప్రాజెక్టుకు నిధులు మంజూరై నివేదిక అచ్చయ్యేలోగా, పెద్ద వెర్షన్ ఒకటైనా మారిపోతుంది. పని మధ్యలో పనిముట్టు మారినా ఫలితం చెడకుండా చూసుకోవడం ఎవరైనా నేర్చుకోగలిగిన నైపుణ్యం. దానికి గణితంలో అసాధారణ ప్రతిభ అక్కర్లేదు, కొన్ని అలవాట్లు చాలు.

ఇలాంటి మోడళ్లలో ఈ రోజు తీసుకునే నిర్ణయం రేపటి అంచనా మీద ఆధారపడి ఉంటుంది. నెల్లూరు తీరంలో ఈ సంగతిని ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు మండలాల్లో రొయ్యల గుంటలోకి సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే రైతు ఆ రోజు కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర ఒక్కటే చూసి ఊరుకోడు. మూడు నాలుగు నెలల తర్వాత పట్టుబడి నాటికి ధర ఎలా ఉంటుందో లెక్కేసుకుంటాడు. ఆ లెక్క తప్పితే మేత, కరెంటు, కూలీల ఖర్చు అప్పుగా మిగులుతుంది. 1991 నుంచి ముత్తుకూరులో ఉన్న మత్స్యశాస్త్ర కళాశాలలోనో, 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలోనో ఒక విద్యార్థి ఈ రొయ్యల ఆర్థిక వ్యవస్థకు చిన్న మోడల్ కట్టాడనుకుంటే, ఈ అధ్యాయంలోని విషయమంతా ఆ ఒక్క ఉదాహరణతోనే చెప్పవచ్చు.

అలాంటి మోడల్‌కు కావలసిన షాకులు, అంటే వ్యవస్థను బయటి నుంచి కుదిపే సంఘటనలు, ఈ తీరపు చరిత్రలోనే ఉన్నాయి. 1990ల మొదట్లో టైగర్ రొయ్య సాగు జోరుగా విస్తరించింది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ గుంటలకు గుంటలనే ఊడ్చేసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, 2009లో వనామీ రకం రొయ్య సాగుకు అనుమతి లభించింది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా చాలా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది, రొయ్యలూ అందులో ఉన్నాయి. వైరస్ చెప్పకుండా వచ్చింది. సుంకం అలా కాదు, ఆగస్టు 6నే ప్రకటించి మూడు వారాల తర్వాత అమలు చేశారు. డైనేర్‌లో ఈ రెండు రకాల షాకులను వేర్వేరుగా రాయాలి. ముందు తెలియని షాకులకు స్టోక్-సిముల్ ఆదేశం ఉంది. ముందే ప్రకటించిన మార్పును భవిష్యత్తు పూర్తిగా తెలుసన్న ఊహతో లెక్కిస్తారు. రెండో పనికి పాత ఫైళ్లలో సిముల్ అనే ఒకే ఆదేశం కనిపిస్తుంది. తర్వాతి వెర్షన్లలో దాని స్థానంలో రెండు ఆదేశాలు వచ్చాయి, ఒకటి లెక్కకు రంగం సిద్ధం చేస్తుంది, రెండోది లెక్క చేస్తుంది. పాత సీనియర్ల దగ్గర నుంచి ఫైలు తెచ్చుకున్న విద్యార్థికి వెర్షన్ సమస్య మొదట ఎదురయ్యేది ఇక్కడే.

నాలుగు పొరలు

వెర్షన్ అనగానే డైనేర్ ఒక్కటే గుర్తుకొస్తుంది. నిజానికి ఒక అంకె వెనుక నాలుగు పొరలుంటాయి, నాలుగింటికీ వెర్షన్లుంటాయి. అడుగున మాట్‌ల్యాబ్ లేదా ఆక్టేవ్, దాని మీద డైనేర్, ఆపైన విద్యార్థి రాసిన మోడల్ ఫైలు, అన్నిటికన్నా పైన డేటా. ఫలితం మారినప్పుడు ఏ పొర వల్ల మారిందో చెప్పలేకపోతే ఆ ఫలితాన్ని సమర్థించుకోవడం కష్టం.

మోడల్ పొర మారడానికి మన దేశంలో మంచి ఉదాహరణ రిజర్వ్ బ్యాంకుదే. ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం హద్దుల్లో ఉంచాలన్న లక్ష్యం 2016లో చట్టబద్ధమైంది. అదే ఏడాది బ్యాంకు తన త్రైమాసిక అంచనా మోడల్ నిర్మాణాన్ని వర్కింగ్ పేపర్‌గా బయటపెట్టింది. 2023 ఫిబ్రవరి బులెటిన్‌లో దానికి రెండో రూపాన్ని వివరించింది. ప్రభుత్వ ద్రవ్య విధానానికీ వడ్డీరేట్ల విధానానికీ ఉన్న సంబంధం, మన దేశానికే ప్రత్యేకమైన ఇంధన ధరల పద్ధతి, పెట్టుబడుల రాకపోకలు, మారకపు రేటు కదలికలు అందులో కొత్తగా చోటుచేసుకున్నాయి. ఇక్కడ మారినవి సమీకరణాలు. కాబట్టి జవాబు మారడమే సహజం. దాన్ని 2.0 అని పిలవడంలో గొప్ప నిజాయితీ ఉంది. పాత అంచనానూ కొత్త అంచనానూ పోల్చేవారికి ఇవి రెండు వేర్వేరు మోడళ్లు ఇచ్చిన అంకెలని పేరులోనే తెలిసిపోతుంది. జిల్లా స్థాయిలో చిన్న మోడల్ కట్టే విద్యార్థి కూడా తన ఫైలుకు ఇలాగే సంఖ్య పెట్టాలి. ఫైనల్, ఫైనల్ కొత్తది, సార్ చూసింది అన్న పేర్లతో ఆరు ఫైళ్లుంటే ఏడాది తర్వాత అవి ఎవరికీ అర్థం కావు.

రిజర్వ్ బ్యాంకు 2016 నాటి పేపరు రచయితల్లో ఒకరైన ఒండ్రా కామెనిక్‌కు సాఫ్ట్‌వేర్ పొరతోనూ సంబంధం ఉంది. డైనేర్ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామ్ రాసినది ఆయనే. చాలా ఏళ్లు డైనేర్‌తో పాటు విడిగా అందిన ఆ ప్రోగ్రామ్ ఆరో వెర్షన్ నుంచి అందడం లేదు. దాని ముఖ్యమైన పనులన్నీ డైనేర్‌లోనే కలిసిపోయాయి. సౌకర్యం పోలేదు గానీ దాని చిరునామా మారింది. పాత ప్రోగ్రామ్‌ను నేరుగా పిలిచే ఫైళ్లు ఉన్నవారు మాత్రం వాటిని తిరగరాసుకోవాలి.

డేటా పొరను చాలామంది లెక్కలోకే తీసుకోరు. 2015 జనవరి 30న కేంద్ర గణాంక కార్యాలయం స్థూల దేశీయోత్పత్తికి ఆధార సంవత్సరాన్ని 2004-05 నుంచి 2011-12కు మార్చింది. అప్పటిదాకా 4.7 శాతంగా ఉన్న 2013-14 వృద్ధిరేటు కొత్త పద్ధతిలో 6.9 శాతమైంది. ఆ వారంలోనే ఎవరైనా సాఫ్ట్‌వేర్‌ను కూడా మార్చి ఉంటే, మోడల్ జవాబులో తేడా దేనివల్ల వచ్చిందో తేల్చుకోవడానికి వారికి నెలలు పట్టి ఉండేది.

అందువల్ల ఈ అధ్యాయంలోని ముఖ్య నియమం ఇది: ఒకసారికి ఒక్క పొరనే మార్చాలి. రెండు పొరలు కలిసి మారక తప్పని సందర్భాలూ వస్తాయి. ఆరో డైనేర్ నడవాలంటే మాట్‌ల్యాబ్ 2018 రెండో విడుదలగానీ, అంతకన్నా కొత్తదిగానీ కావాలి. కళాశాల ల్యాబ్‌లో దానికన్నా పాతది ఉంటే రెండూ మార్చాలి. అప్పుడైనా వరుస ఉంది. పాత డైనేర్‌ను అలాగే ఉంచి ముందు మాట్‌ల్యాబ్ మార్చి, జవాబు నిలిచిందని చూసుకున్నాకే డైనేర్ మార్చాలి. పాత డైనేర్ మరీ కొత్త మాట్‌ల్యాబ్ మీద నడవకపోతే రెండింటికీ సరిపడే మధ్య వెర్షన్ ఒకటి వెతుక్కోవాలి. మాట్‌ల్యాబ్ లైసెన్సు అందని చోట ఆక్టేవ్ ఉంది. అయితే ఆక్టేవ్‌కు మారడం కూడా ఒక పొర మారడమే.

మార్చకముందు చేయాల్సింది

కొత్త వెర్షన్ దింపుకోవడానికి ముందు, పాత వెర్షన్ ఇచ్చిన జవాబును భద్రంగా రాసిపెట్టుకోవాలి. అదీ చేత్తో సరిచూసుకోగలిగిన జవాబై ఉండాలి. దీనికోసం ప్రతి మోడల్‌కూ ఒక చిన్న తమ్ముడిలాంటి మోడల్‌ను పక్కన ఉంచుకోవడం మంచిది.

రొయ్యల మోడల్‌కు ఆ చిన్న మోడల్ ఇలా ఉంటుంది. ఒక కాలం అంటే ఒక త్రైమాసికం, సుమారు ఒక పంట. ఈ త్రైమాసికంలో వదిలిన సీడ్ వచ్చే త్రైమాసికంలో పట్టుబడి అవుతుంది. లక్ష సీడ్ వదిలితే 80 శాతం బతుకుతుందనీ, 40 కౌంట్‌కు పడతారనీ అనుకుంటే, రొయ్య ఒక్కోటి 25 గ్రాములు, 80 వేల రొయ్యలు, మొత్తం 2,000 కిలోలు. ఇది మోడల్ స్టెడీ స్టేట్, అంటే ఏ షాకూ లేనప్పుడు ఉండే స్థితి. ఏ వెర్షన్ నడిపినా ఈ 2,000 రావాలి. 1,999.99 వచ్చినా పర్వాలేదు గానీ 1,600 వస్తే ఎక్కడో ఏదో తప్పినట్టే.

ఇక కదలిక. ధర ఒకసారి 10 శాతం పడిందనుకుందాం, ప్రతి త్రైమాసికంలోనూ ఆ లోటులో సగమే మిగులుతుందని కూడా అనుకుందాం. అంటే ధర లోటు 10, 5, 2.5 చొప్పున తగ్గుతూ పోతుంది. వచ్చే పంట ధర 1 శాతం తగ్గుతుందనిపిస్తే రైతులు 0.8 శాతం సీడ్ తగ్గిస్తారని పెట్టుకుంటే, మొదటి త్రైమాసికంలో ఎదురుచూసే ధర లోటు 5 శాతం కాబట్టి సీడ్ 4 శాతం తగ్గుతుంది. పట్టుబడి మాత్రం ఆ త్రైమాసికంలో కదలదు, ఎందుకంటే గుంటలో ఉన్నది అంతకుముందే వదిలిన సీడ్. రెండో త్రైమాసికంలో పట్టుబడి 4 శాతం, సీడ్ 2 శాతం తగ్గుతాయి. మూడోదానిలో పట్టుబడి 2, సీడ్ 1. సమీకరణాలను లాగరిథమ్‌లలో రాస్తే డైనేర్ సరిగ్గా ఇవే అంకెలు ఇవ్వాలి. కాగితం మీద ఐదు నిమిషాల్లో తేలే ఈ వరుస, వెర్షన్ మారిన రోజున విద్యార్థి చేతిలో ఉండే అత్యంత విలువైన ఆధారం.

ఈ ఉదాహరణ ఇంకో ముఖ్యమైన విషయం చెబుతుంది. ధర పడిన త్రైమాసికంలోనే పట్టుబడి తగ్గినట్టు గ్రాఫ్ చూపిస్తే, సాఫ్ట్‌వేర్ ఎంత కొత్తదైనా ఆ గ్రాఫ్ తప్పు. నాలుగు నెలల పంట ఒక్క రోజులో తగ్గదు, పెరగదు. డైనేర్‌లో నిల్వలను కాలం చివర ఉన్న నిల్వగా రాయడం రివాజు. అందుకే పట్టుబడి సమీకరణంలో సీడ్ పక్కన గత కాలాన్ని సూచించే మైనస్ ఒకటి ఉండాలి. కొత్తవారు ఎక్కువగా మరిచేది దాన్నే. వెర్షన్ మార్చినప్పుడు పరీక్షించాల్సిన వాటి జాబితా రాసుకునేటప్పుడు, మొదట ఇలాంటివే రాయాలి: రైతుకు తెలిసిన, ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ సంబంధం లేని నిజాలు. ఆక్వా రైతుతో ఒక సాయంత్రం మాట్లాడితే అలాంటివి నాలుగైదు దొరుకుతాయి. పుస్తకాల్లో అవి దొరకవు.

సుంకం లాంటి ప్రకటిత షాకుకు కూడా ఒక చేతిలెక్క ఉంచుకోవాలి. వచ్చే త్రైమాసికం నుంచి ధర శాశ్వతంగా 10 శాతం తగ్గుతుందని ఈ త్రైమాసికంలోనే తెలిస్తే, సీడ్ ఇప్పుడే 8 శాతం తగ్గుతుంది, పట్టుబడి వచ్చే త్రైమాసికంలో తగ్గుతుంది. ముందు తెలియకుండా వస్తే సీడ్ వచ్చే త్రైమాసికంలోనూ, పట్టుబడి ఆ తర్వాతి త్రైమాసికంలోనూ తగ్గుతాయి. రెండింటి మధ్య తేడా కచ్చితంగా ఒక కాలం. నిజానికి 2025లో ప్రకటనకూ అమలుకూ మధ్య ఉన్న మూడు వారాలు త్రైమాసిక మోడల్‌లో కనిపించవు, వాటిని పట్టుకోవాలంటే నెలవారీ మోడల్ కావాలి. అది వెర్షన్ తీర్చే సమస్య కాదు, మోడల్ కట్టేవారు తీర్చుకోవాల్సింది.

మార్చే రోజు

పాతదాన్ని తీసేయకూడదు. విండోస్‌లో డైనేర్ ప్రతి వెర్షన్‌నూ దాని సంఖ్య పేరుతో వేరే ఫోల్డర్‌లో ఉంచుతుంది. కాబట్టి రెండు వెర్షన్లు ఒకే కంప్యూటర్‌లో హాయిగా ఉండగలవు. మాట్‌ల్యాబ్‌కు దారి చూపేటప్పుడు మాత్రం ఒక్కదానికే చూపాలి. ఆ ఒక్కదానిలోనూ మాట్‌ల్యాబ్ అనే ఫోల్డర్‌ను మాత్రమే చేర్చాలి, దాని లోపలి ఫోల్డర్లన్నిటినీ కలిపి చేర్చకూడదు. అన్నీ కలిపి చేర్చితే ఒకే పేరున్న ఫంక్షన్లలో ఏది పనిచేస్తోందో తెలియని అయోమయం వస్తుంది. వెర్షన్ మార్చాక కనిపించే వింత తప్పుల్లో చాలావాటికి మూలం ఇదే. డైనేర్-వెర్షన్ అన్న చిన్న ఆదేశం ఇస్తే నిజంగా ఏ వెర్షన్ నడుస్తోందో తెరమీద చూపిస్తుంది. ఆరో వెర్షన్ నడుపుతున్నామనుకుంటూ ఐదో వెర్షన్ ఇచ్చిన అంకెలను పోల్చి సంతోషపడటం అరుదేమీ కాదు.

మోడల్ ఫైలును కొత్త ఖాళీ ఫోల్డర్‌లోకి కాపీ చేసి అక్కడ నడపాలి. డైనేర్ ప్రతిసారీ మోడల్ పేరుతో కొన్ని ఫైళ్లనూ ఫోల్డర్లనూ తయారుచేస్తుంది. పాత వెర్షన్ వదిలిన ఫైళ్లు కొత్తదానికి అడ్డుపడే అవకాశం ఉంది. ఫైలులో ఒక్క అక్షరం కూడా మార్చకుండా మొదటిసారి నడపాలి. తప్పు అని ఆగిపోతే అదృష్టమే, ఎందుకంటే ఆగిపోయిన ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిందో చెబుతుంది. జాగ్రత్త పడాల్సింది ఆగకుండా నడిచి వేరే అంకె ఇచ్చినప్పుడు. హెచ్చరిక సందేశాలను ఓపిగ్గా చదవాలి. ఫలానా ఆదేశం ఇకముందు ఉండదన్న హెచ్చరిక కనబడితే ఆ ఆదేశాన్ని వెంటనే మార్చేయకుండా, పోలిక పూర్తయ్యాక మార్చాలి.

పోలికకు ఒక క్రమం ఉంది, దాన్ని తప్పితే గంటల కొద్దీ శ్రమ వృథా. ముందు స్టెడీ స్టేట్ సమీకరణాలలో మిగిలే శేషాలు సున్నా అవుతున్నాయా చూడాలి. తర్వాత స్టెడీ స్టేట్ అంకెలు. ఆ తర్వాత చెక్ ఆదేశం చూపే మూలాలు (ఐగెన్ విలువలు): పరిమాణంలో 1 కంటే పెద్ద మూలాల సంఖ్య, భవిష్యత్తును చూసే చరాల సంఖ్య సమానం కావాలి. 1980లో బ్లాంచర్డ్, కాన్ ఇచ్చిన ఈ షరతు నెరవేరకపోతే మోడల్‌కు ఒకే ఒక్క స్థిరమైన దారి ఉండదు. దాని తర్వాతే షాకులకు వచ్చే స్పందనలు. అన్నిటికన్నా చివర పారామీటర్ల అంచనా. ఎక్కడ మొదటి తేడా కనబడితే అక్కడే ఆగాలి. స్టెడీ స్టేట్‌లోనే తేడా ఉంటే, దాని మీద ఆధారపడ్డ స్పందనల్లో తేడా ఎందుకొచ్చిందని వెతకడం అనవసరం.

తేడా వచ్చినప్పుడు

అన్ని తేడాలూ ఒకటి కాదు. కంప్యూటర్ దశాంశ సంఖ్యలను పదిహేను, పదహారు అంకెల దాకానే కచ్చితంగా దాచుకోగలదు. కూడిక వరుస మారినా చివరి అంకెల్లో తేడా వస్తుంది. స్టెడీ స్టేట్ వెదికే పద్ధతి కూడా ఒక హద్దు దాకా దగ్గరైతే చాలని ఆగిపోతుంది. డైనేర్‌లో ఆ హద్దు సుమారు పది లక్షల్లో 6 వంతులు. కాబట్టి ఆరో దశాంశం దగ్గర తేడా వస్తే దిగులు అక్కర్లేదు. రెండో దశాంశంలో వస్తే కారణం తేలేదాకా ముందుకు పోకూడదు.

యాదృచ్ఛిక సంఖ్యల వల్ల వచ్చే తేడా ఎక్కువమందిని బెదరగొడుతుంది. స్టోక్-సిముల్‌కు ఏ క్రమంలో, అంటే సమీకరణాలను ఎన్నో ఘాతం దాకా ఉజ్జాయింపు చేసి, లెక్కించాలో చెప్పకపోతే డైనేర్ రెండో క్రమంలో లెక్కిస్తుంది. మొదటి క్రమంలో షాకు స్పందన ఒక్కసారి లెక్కిస్తే తేలిపోతుంది. రెండో క్రమంలో యాదృచ్ఛిక షాకులతో 50 సార్లు నడిపి సగటు తీస్తుంది. అందుకని లాగరిథమ్‌లలో రాయని మోడల్‌లో, రెండో క్రమంలో వచ్చిన గ్రాఫ్ యాదృచ్ఛిక సంఖ్యల మీద కొంత ఆధారపడుతుంది. డైనేర్ ప్రతిసారీ ఒకే సీడ్‌తో మొదలవుతుంది, ఇది రొయ్యల సీడ్ కాదు, యాదృచ్ఛిక సంఖ్యల మొదలు. అందుకే ఒకే యంత్రం మీద మళ్లీ నడిపితే అదే జవాబు వస్తుంది. అడుగున ఉన్న మాట్‌ల్యాబ్ మారితే ఆ హామీ ఉండదు. తేడా ఇందువల్లేనా అని తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. పాత వెర్షన్‌లోనే సీడ్‌ను మార్చి పది పన్నెండుసార్లు నడపాలి. పాతదానిలో దానికదే ఎంత ఊగుతుందో తెలుస్తుంది. కొత్త వెర్షన్ తేడా ఆ ఊగులాటకు లోబడి ఉంటే వదిలేయవచ్చు. పారామీటర్ల అంచనాలో యాదృచ్ఛిక అడుగులతో నడిచే మెట్రోపోలిస్ గొలుసులకూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే అక్కడ ఒక్కోసారి నడవడానికే ఒక రాత్రి పట్టవచ్చు కాబట్టి ఓపిక ఎక్కువ కావాలి.

మూడో రకం, డిఫాల్ట్ మారడం. ఫైలులో రాయని ప్రతి ఎంపికనూ సాఫ్ట్‌వేర్ తానే నిర్ణయిస్తుంది. వెర్షన్‌తో పాటు ఆ నిర్ణయమూ మారవచ్చు. దీనికి శాశ్వత మందు ఒక్కటే, ఫలితాన్ని ప్రభావితం చేసే ఎంపికలను ఫైలులో స్పష్టంగా రాయడం. ఏ క్రమం, ఎన్ని కాలాలు, ఎన్నిసార్లు, ఏ సీడ్, ఏ పద్ధతి అన్నవన్నీ రాసిన ఫైలు పది పంక్తులు పెరుగుతుంది గానీ ఎవరి యంత్రం మీద నడిపినా అవే ఎంపికలతో నడుస్తుంది. విడుదల గమనికలు చదివేటప్పుడు కూడా కొత్త సౌకర్యాల పేజీలకన్నా, పాత ఫైళ్లతో పొసగని మార్పుల పేజీని ముందు చదవాలి.

నాలుగోది అన్నిటికన్నా గంభీరమైనది: పాత వెర్షన్‌లోనే తప్పు ఉండటం. ఇది అనుమానం మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. 1999లో మెకల్లో, హృషీకేశ్ వినోద్ కలిసి ఆర్థిక గణాంక సాఫ్ట్‌వేర్ల సంఖ్యాపరమైన విశ్వసనీయతను ఒక ప్రముఖ పత్రికలో పరిశీలించారు. పేరున్న ప్యాకేజీలు కూడా ఒకే లెక్కకు వేర్వేరు జవాబులివ్వగలవని ఆర్థికవేత్తల దృష్టికి గట్టిగా తెచ్చిన రచనల్లో అది ఒకటి. వైద్యరంగంలోనూ ఇదే జరిగింది. మెదడు స్కాన్లను కొలిచే ఫ్రీసర్ఫర్ సాఫ్ట్‌వేర్‌లో వెర్షన్ మారితే, చివరికి కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ మారినా, అదే మెదడు కొలతలు మారుతున్నాయని 2012లో ఒక పరిశోధక బృందం చూపించింది. ఒకే అధ్యయనంలో వెర్షన్లు కలపవద్దన్నది వారు చేసిన సూచన. రొయ్యల మోడల్‌కూ ఇది యథాతథంగా పనికొస్తుంది. ఒక నివేదికలోని మూడో పట్టిక పాత వెర్షన్‌దీ, నాలుగో పట్టిక కొత్త వెర్షన్‌దీ అయితే ఆ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి వాదించే హక్కు రచయితకు ఉండదు.

మారకుండా ఉండటం కూడా ఒక నిర్ణయమే

కొత్తది వచ్చిందని మారాల్సిన పనిలేదు. సిద్ధాంత గ్రంథం సమర్పణకు రెండు నెలలే ఉన్నప్పుడు, విడుదల గమనికల్లో వాడుతున్న ఆదేశాల ప్రస్తావనే లేనప్పుడు, పాతదానితో పని ముగించడమే మేలు. మరోవైపు, వాడుతున్న ఆదేశంలోనే తప్పు సరిదిద్దినట్టు గమనికల్లో ఉంటే గడువు ఎంత దగ్గరగా ఉన్నా మారక తప్పదు, కనీసం కొత్తదానిలో ఒకసారి నడిపి చూడక తప్పదు. ఐదో వెర్షన్ నుంచి డైనేర్‌లో చుక్క తర్వాతి సంఖ్య మారితే తప్పులు మాత్రమే సరిదిద్దినట్టు, చుక్కకు ముందున్నది మారితే కొత్త సౌకర్యాలూ పొసగని మార్పులూ వచ్చినట్టు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఏ విడుదలకు ఒక గంట కేటాయించాలో, దేనికి ఒక వారం కేటాయించాలో తేలుతుంది. ఒక గైడ్ దగ్గర నలుగురు విద్యార్థులు ఒకే మోడల్ మీద పనిచేస్తుంటే నలుగురూ ఒకే రోజు మారాలి, లేదా ఎవరూ మారకూడదు.

నమోదు పుస్తకం

మార్పు పూర్తయ్యాక దాన్ని మోడల్ ఉన్న ఫోల్డర్‌లోనే ఒక సాదా టెక్స్ట్ ఫైలులో రాయాలి. ఏ తేదీన, ఏ పొర, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు, ఎందుకు మారింది. చేతిలెక్క అంకెలు నిలిచాయా. ఏ ఫలితం ఎంత మారింది, కారణం ఏమిటి. కారణం తేలకపోతే తేలలేదనే రాయాలి. అన్నీ కలిపి ఐదారు పంక్తులు చాలు. నివేదికలో ప్రతి పట్టిక కింద మాట్‌ల్యాబ్ లేదా ఆక్టేవ్ వెర్షన్, డైనేర్ వెర్షన్, మోడల్ ఫైలు సంఖ్య, డేటా తీసుకున్న తేదీ ఒక వరుసలో ఉండాలి. పరీక్షకుడు అడుగుతాడని కాదు, రెండేళ్ల తర్వాత అదే కళాశాలలో చేరే ఇంకో విద్యార్థి ఆ మోడల్‌ను తెల్లమచ్చ వ్యాధికో, మేత ధరలకో పొడిగించాలనుకుంటే మొదలుపెట్టడానికి ఇంకో దారి ఉండదు.

కొత్త వెర్షన్ వల్ల పాత ఫలితం తప్పని తేలి, ఆ ఫలితం అప్పటికే బయటకు వెళ్లిపోయి ఉంటే సవరణ కూడా బయటకు వెళ్లాలి. ధర పడితే సీడ్ 4 శాతం తగ్గుతుందన్న అంకెను నమ్మి హేచరీ ఎన్ని తల్లి రొయ్యలను తెప్పించుకోవాలో నిర్ణయించుకుని ఉండవచ్చు, మేత వ్యాపారి సరుకు తగ్గించి ఉండవచ్చు. సవరణలో పాత అంకె, కొత్త అంకె, ఏ వెర్షన్‌లో ఏ లెక్క సరిదిద్దారు అన్న మూడూ ఉండాలి. నివేదిక ఎవరెవరికి వెళ్లిందో వారందరికీ పంపాలి. పాత వెర్షన్ ఫోల్డర్‌ను, పాత మోడల్ ఫైలును అప్పుడు కూడా చెరిపేయకూడదు. ఆ అంకె ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే నడిపి చూపించడానికి అవి అవసరమవుతాయి.